కౌలాలంపూర్‌లో 10,500 రింగిట్ల జీతం: భార్య, పాపతో నెల గడుస్తుందా?

కొండాపూర్_వాసి:

అందరికీ నమస్కారం. హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటాం. నేను టెస్టింగ్ లీడ్‌ని, చేతికి నెలకు లక్షా నలభై వేలు వస్తుంది. కౌలాలంపూర్ బంగ్సార్ సౌత్‌లో ఆఫీసున్న ఒక కంపెనీ నెలకు 10,500 రింగిట్లు ఇస్తామని ఆఫర్ పంపింది. రూపాయల్లోకి మారిస్తే రెండు లక్షలు దాటుతోంది. ఇంట్లో వాళ్లంతా అప్పుడే సూట్‌కేసులు సర్దేసినంత హడావిడి చేస్తున్నారు. నాకే లెక్క తేలడం లేదు.

నెట్‌లో వెతికితే ఒకాయన ఫ్యామిలీకి 5 వేలు చాలంటాడు, ఇంకొకాయన 15 వేలు లేనిదే రావద్దంటాడు. అక్కడే ఉన్న నా ఫ్రెండ్ ఒకడు ఆరు వేలుంటే రాజాలా బతకొచ్చంటాడు (వాడికి పెళ్లి కాలేదు). మా ఆవిడ ప్రైవేట్ బ్యాంకులో చేస్తోంది, తన జీతం 45 వేలు. వస్తే ఉద్యోగం మానేసి రావాలి. పాప ఒకటో తరగతి, సీబీఎస్‌ఈ. ఆగస్టులో జాయిన్ అవమంటున్నారు. మాంట్ కియారా ఏరియా బాగుంటుందని విన్నాం.

పేపర్ మీద అంకెలు కాదు, నిజంగా ఇల్లు నడుపుతున్నవాళ్లు చెబితే వినాలని ఉంది. నెలాఖరుకి ఏమన్నా మిగులుతుందా?

సైబర్‌జయ_సోలో:

బ్రో, ఆ ఆరు వేలు చెప్పింది నేను కాదు కానీ, నేనైనా అదే చెప్పేవాడిని. సైబర్‌జయలో కండోలో, అంటే అపార్ట్‌మెంట్‌లో, మాస్టర్ రూమ్ 700. బాత్రూమ్ మనదే, కిచెన్ ముగ్గురికీ కలిపి. పొద్దున మామక్ కొట్టులో (తమిళ ముస్లింల టిఫిన్ కొట్టు) రెండు రోటీ చనాయ్, అంటే మన పరోటా లాంటిది, ఒక తే తారిక్ టీ, ఆరు రింగిట్లలో టిఫిన్ అయిపోతుంది. మధ్యాహ్నం ఆఫీసు కింద మిక్స్‌డ్ రైస్ పది. రాత్రికి మేమే వండుకుంటాం, అంటే వండటం వచ్చిన రూమ్మేట్ వండుతాడు, మేం గిన్నెలు తోముతాం. 2023లో పుత్రజయ లైన్ ఎమ్మార్టీ (మెట్రో రైలు) ఇక్కడిదాకా వచ్చాక కేఎల్ (కౌలాలంపూర్) వెళ్లడం కూడా తేలికైపోయింది. మొత్తం మీద నాకు 2,500 నుంచి 2,800. ఏ నెలైనా అది దాటిందంటే ఆ నెల ఏదో ఐలాండ్‌కి వెళ్లానని అర్థం.

ఫ్యామిలీ లెక్క నాకు తెలీదు. బెజవాడ అక్క వస్తే చెబుతుంది, ఆవిడ దగ్గర పద్దు పుస్తకమే ఉంది.

బెజవాడ_పద్దు:

వచ్చాను, వచ్చాను.

కొండాపూర్ వాసి గారూ, మేం 2017 నుంచి ఇక్కడ ఉంటున్నాం. మా ఆయన ఆఫీసు కూడా బంగ్సార్ సౌత్‌లోనే, మా పాప ఇప్పుడు మూడో తరగతి. పెళ్లికి ముందు బెజవాడలో ఆడిటర్ దగ్గర పనిచేశాను కాబట్టి ఖర్చు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మీ ఇల్లు, మా ఇల్లు ఇంచుమించు ఒకే సైజు కాబట్టి మా అంకెలే చెబుతాను. లెక్క తేలిగ్గా ఉండటానికి రింగిట్‌ని 20 రూపాయలు అనుకుందాం, అసలు రేటు దానికి పైనే ఉంటుంది.

ముందు జీతం సంగతి. 10,500 అన్నది కాగితం మీది జీతం. ట్యాక్స్ రెసిడెంట్ అయ్యాక, మీకు, మీ ఆవిడకి, పాపకి వచ్చే రిలీఫ్‌లు పోను నెలకు వెయ్యికి అటూ ఇటూగా పన్ను కట్ అవుతుంది. 2025 అక్టోబర్ నుంచి విదేశీ ఉద్యోగులకి కూడా ఈపీఎఫ్ 2 శాతం తప్పనిసరి చేశారు, అది 210. సోక్సో, అంటే మన ఈఎస్ఐ లాంటి ఉద్యోగుల బీమా, ఒక ముప్పై. చేతికి 9,250 దాకా వస్తుంది. అంటే లక్షా ఎనభై అయిదు వేలు. ఇప్పుడు మీ ఇద్దరి జీతాలూ కలిపి చూసుకోండి. 1,40,000కి 45,000 కలిపితే ఎంత? అదే లక్షా ఎనభై అయిదు. డిపెండెంట్ పాస్ (ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చినవాళ్లు ఉద్యోగం చేయడానికి లేదు, వాళ్ల పేరు మీద విడిగా పర్మిట్ కావాలి. కాబట్టి 'రెండు లక్షలు దాటుతోంది' అన్న మాట ఇంట్లో ఇంక అనకండి. ఆ డబ్బు మీకు ఇప్పటికే ఇంచుమించు వస్తోంది.

'అయ్యాక' అన్నాను చూడండి, కథంతా అక్కడే ఉంది. ఒక క్యాలెండర్ సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటేనే రెసిడెంట్. లేకపోతే ఫ్లాట్‌గా 30 శాతం, రిలీఫ్‌లూ లేవు, శ్లాబులూ లేవు. ఆగస్టులో దిగితే డిసెంబర్ లోపు 182 రోజులు రావు. చాలా కంపెనీలు మొదటి జీతం నుంచే 30 శాతం కోసేస్తాయి. అప్పుడు మీ చేతికి వచ్చేది 7,100. అయిదు నెలల్లో కోసేది 15,750 రింగిట్లు, అంటే మూడు లక్షల పైమాట.

దీనికి ఒక దారి ఉంది. మొదటి సంవత్సరం రోజులు తక్కువైనా, ఆ బస తెగకుండా రెండో సంవత్సరంలోకి నడిచి, అక్కడ వరసగా 182 రోజులు నిండితే మొదటి సంవత్సరానికి కూడా రెసిడెంట్‌గానే లెక్కిస్తారు. అలా లెక్కిస్తే ఆ అయిదు నెలలకి మీరు కట్టాల్సిన పన్ను వెయ్యి రింగిట్ల లోపే. మిగతాది రీఫండ్. కాకపోతే ఆ వరస నడిచినంత కాలం సొంత పని మీద దేశం బయట గడిపే రోజులు మొత్తం కలిపి 14 దాటకూడదు. ఆఫీసు పని, ఇంట్లో వాళ్ల అనారోగ్యం లాంటివి వేరే లెక్క. మనవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే. డిసెంబర్ 20న ఫ్లైట్ ఎక్కి, సంక్రాంతికి అరిసెలు తిని, కనుమ వెళ్లాక తిరిగి వస్తారు. పద్నాలుగు దాటాయి, వరస తెగింది, పదిహేను వేల రింగిట్లు పోయాయి. ఆ 14 దాటకుండా చూసుకుని, డిసెంబర్ 31, జనవరి 1 రెండు రోజులూ కేఎల్‌లోనే ఉన్నారంటే పేచీ ఉండదు. పాస్‌పోర్ట్ స్టాంపులన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. రీఫండ్ రావడానికి ఏడాది దాటినా దాటొచ్చు కాబట్టి ఆ డబ్బు మీద ముందే ప్లాన్లు వేసుకోవద్దు.

ఇక ఇల్లు. మాంట్ కియారా బాగుంటుంది, కాదనను. జపాన్ వాళ్లు, కొరియా వాళ్లు, కాఫీ షాపులు, స్కూళ్లు, అంతా నీట్‌గా ఉంటుంది. కానీ అక్కడ మూడు బెడ్‌రూమ్‌ల కండో 3,500కి తక్కువ దొరకడం కష్టం, పైగా రైలు స్టేషన్ నడిచి వెళ్లేంత దగ్గర లేదు. కారు లేదా గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటి క్యాబ్) తప్పదు. మేం మొదట బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నాం. గుడి, కరివేపాకు, మల్లెపూలు అన్నీ గుమ్మం ముందే, నిద్ర మాత్రం ఉండేది కాదు. ఇప్పుడు సెంతుల్‌లో 2,400కి మూడు బెడ్‌రూమ్‌లు, ఫర్నిచర్‌తో సహా. సెంతుల్ తిమూర్‌లో ఎల్ఆర్టీ రైలు ఎక్కి, మస్జిద్ జమెక్‌లో మారితే మా ఆయన కెరించి స్టేషన్‌లో దిగుతారు. అక్కడి నుంచి ఆఫీసు నడకే.

అడ్వాన్స్ మన హైదరాబాద్ పద్ధతే కానీ ఇంకొంచెం బరువు. రెండు నెలల డిపాజిట్, కరెంటు నీళ్ల కోసం అర నెల, మొదటి నెల అద్దె ముందే. 2,400 ఇంటికి తాళం చేతికి రావాలంటే 8,400 పెట్టాలి. చేరిన రోజే ఇల్లంతా వీడియో తీయండి, ముఖ్యంగా వంటింటి గోడలు. మా పాత ఓనర్ ఖాళీ చేసేటప్పుడు పొయ్యి వెనక టైల్స్ సందుల్లో పసుపు మరకలున్నాయని డిపాజిట్‌లో 900 కోసుకున్నాడు. రోజూ తాలింపు పెట్టే ఇంట్లో ఆ గోడ తెల్లగా ఎలా ఉంటుందో ఆయనకే తెలియాలి. అందుకే ఈ ఇంట్లో వెట్ కిచెన్, అంటే తాలింపులు, వేపుళ్ల కోసం ఉండే వంటగది, విడిగా ఉందో లేదో చూసుకుని మరీ తీసుకున్నాం. పొయ్యి వెనక అల్యూమినియం షీటు అతికించాను, ముప్పై రింగిట్లు కూడా కాలేదు.

కరెంటు 220 వస్తుంది, రాత్రి రెండు ఏసీలు వేస్తాం. మీరు వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తే 300 దాటుతుంది. నీళ్లు 20, నెట్ 130, రెండు ఫోన్లు 80. గ్యాస్ మాత్రం చవక. 14 కిలోల సిలిండర్ 26.60, ఇంటికి తెచ్చినందుకు మరి కొంచెం. కొన్ని కండోల్లో సిలిండర్ రానివ్వరు, ఇండక్షన్ మీదే వండుకోవాలి. ఇల్లు చూసేటప్పుడే అడగండి. పుల్కా నేరుగా మంట మీద కాల్చే అలవాటున్న ఇంటికి అది చిన్న విషయం కాదు.

సరుకులకి నెలకు 1,400. సోనా మసూరి 5 కిలోలు 32 రింగిట్ల దగ్గర తెస్తాను. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, బెల్లం అన్నీ దొరుకుతాయి, ఇండియా కంటే ఎక్కువే కానీ గుండె ఆగేంత కాదు. గుండె ఆగేది పాల దగ్గర. తాజా పాలు లీటరు ఏడెనిమిది రింగిట్లు. పెరుగు డబ్బా ఇంకా దారుణం. ఇంట్లోనే తోడు పెట్టుకుంటే పెరుగు ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. చికెన్ కిలో పది చుట్టూ. మునక్కాయ, కొబ్బరి, అరటికాయ, వంకాయ కావలసినన్ని. గోంగూర దొరకదనే అనుకోండి, మేం బాల్కనీలో నాలుగు కుండీల్లో వేసుకున్నాం. పదిహేడో అంతస్తు అయినా ఈ ఎండకి ఏపుగా పెరుగుతుంది. వారానికోసారి మా వీధిలో పసార్ మాలం పెడతారు, రాత్రి సంత. అక్కడ కూరగాయలు సూపర్‌మార్కెట్ కంటే చవకా, తాజా కూడా. పావు తక్కువ తొమ్మిదికి వెళ్లండి, సర్దుకునే టైమ్‌కి కొత్తిమీర ఊరికే ఇచ్చేస్తారు. కారం మాత్రం గుంటూరు నుంచే వస్తుంది, దాని మీద రాజీ లేదు.

బయట తిండికి 500. అరిటాకు భోజనం మనిషికి 12, 13 అవుతుంది.

ఇప్పుడు ఇక్కడివాళ్లు చెప్పే సలహాలతో జాగ్రత్త. నెలకు యాభై రింగిట్లతో రైళ్లు, బస్సులన్నీ తిరిగేయొచ్చు అని ఆఫీసులో ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, మై50 పాస్, 30 రోజులకు 50. కానీ అది మలేషియా పౌరులకు మాత్రమే. మనం టచ్ అండ్ గో కార్డు గీకి పూర్తి చార్జీ కట్టాలి, మా ఆయనకి నెలకు 150 అవుతుంది. పెట్రోల్ కూడా అంతే. 2025 సెప్టెంబర్ చివరి నుంచి పౌరులకు లీటరు 1.99, మనకు మార్కెట్ ధర. గవర్నమెంట్ హాస్పిటల్‌లో వాళ్లకి నామమాత్రపు ఫీజు, మనకి అసలు రేటు. ప్రైవేట్‌కి వెళితే 2025 జూలై నుంచి విదేశీయులకు బిల్లు మీద 6 శాతం సర్వీస్ ట్యాక్స్. నాకు దీని మీద కోపం లేదు, వాళ్ల దేశం, వాళ్ల పన్నులు. కానీ మీరు నెట్‌లో చూసే 'నెల ఖర్చు' అంకెల్లో సగం ఈ రాయితీలు ఉన్నవాళ్లు రాసినవి. జ్వరం, జలుబుకి మామూలు క్లినిక్‌లో మందులతో కలిపి 70, 80 అవుతుంది. కంపెనీ ఇన్సూరెన్స్ మీ ఒక్కరికేనా, ఇంటిల్లిపాదికీనా అన్నది ఆఫర్ లెటర్‌లో చూడండి. మాకు డాక్టరు, మందులు నెలకు సగటున 150, గ్రాబ్ 250.

అన్నిటికంటే పెద్దది చివరికి ఉంచాను. స్కూలు. ఇక్కడ సీబీఎస్‌ఈ స్కూళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, బ్రిక్‌ఫీల్డ్స్‌లో గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ ఉంది. స్కూలు పేరెందుకు కానీ, మా పాపకి ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం కలిపి ఏడాదికి 23 వేల రింగిట్ల దాకా అవుతోంది. నెలకు పంచితే 1,900. చేరేటప్పుడు రిజిస్ట్రేషన్, డిపాజిట్ అదనం. బ్రిటిష్ సిలబస్ స్కూళ్లలో కాస్త పేరున్నవాటికి 40 వేల పైన మొదలు. ఏడాదికి 60 వేలు దాటితే ఫీజు మీద కూడా 6 శాతం ట్యాక్స్ ఉంది. మాంట్ కియారాలో చేరినవాళ్లు ఎదురింటి పిల్లల్ని చూసి ఆ స్కూళ్ల వైపు లాగబడతారు. అందుకే ఆ ఏరియా వద్దంటున్నాను, అద్దె కోసం మాత్రమే కాదు.

బట్టలు, పుట్టినరోజు గిఫ్టులు, ఇంకా ఏవేవో 300. సెలవులకి ఇంటికి వెళ్లే టికెట్లకి నెల నెలా 400 పక్కన పెడతాను. మొత్తం కూడితే 7,900 పైన తేలుతుంది. మీ 9,250లో మిగిలేది 1,300. ఇరవై ఆరు వేల రూపాయలు. 30 శాతం కోసే నెలల్లో అయితే మిగలడం మాట అటుంచి ఎదురు పెట్టాలి.

స్కూలు తీసేస్తే మా ఇల్లు కూడా ఆరు వేలతో నడుస్తుంది. మీ ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు, అతనికి పాప లేదంతే.

సైబర్‌జయ_సోలో:

అక్కా, నాకు కూడా మొదటి ఆర్నెల్లు 30 కట్ అయింది. రీఫండ్ వస్తుందని ఎవడూ చెప్పలేదు ఇన్నాళ్లూ 😐

బెజవాడ_పద్దు:

ఏ సంవత్సరం తమ్ముడూ? స్టాంపులు తీసి మెసేజ్ పెట్టు, చూద్దాం.

బాగాన్‌దాతో_మనవడు:

నమస్కారమండి. నేను ఇక్కడ పుట్టినవాడిని. మా ముత్తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో దగ్గర కొబ్బరి తోటలకు పనికి వచ్చారు. మా తెలుగు కొంచెం పాతగా ఉంటుంది, తప్పులుంటే క్షమించాలి.

అక్క చెప్పిన లెక్క సరియే. ఇంటి విషయంలో ఒక మాట చెప్పాలి, ముందే తెలిస్తే మనసు నొచ్చుకోదు. అద్దె ప్రకటనల్లో కొందరు యజమానులు ఫలానా జాతివారికే ఇస్తాము అని రాస్తారు. రాయనివారు కూడా ఫోన్‌లో మీ పేరు విని ఇల్లు అయిపోయింది అంటారు. మాకూ, అంటే ఈ దేశ పౌరులమైన భారతీయులకూ, అది జరుగుతుంది. అందుకని ఏజెంట్‌కి మొదటే చెప్పండి, ఇండియన్ కుటుంబము, ఇంట్లో వంట చేస్తాము అని. ఒప్పుకునే ఇండ్లు మాత్రమే చూపిస్తారు, మీ శనివారాలు వృథా కావు. మామూలుగా ఏజెంట్ ఫీజు యజమాని ఇస్తాడు, అద్దెకు వచ్చేవారు కాదు. అడిగితే ఎందుకని అడగండి. అగ్రిమెంట్‌కి స్టాంప్ వేయించడం మరవద్దు, డిపాజిట్ గొడవ వస్తే అదే సాక్ష్యం.

సెంతుల్ కన్నా తక్కువలో కావాలంటే సెతాపాక్, వంగ్సా మాజు చూడండి. మూడు గదుల ఇల్లు 1,600, 1,800 లో దొరుకుతుంది. వంగ్సా మాజు నుంచి కెరించికి రైలు మారే పని లేదు, ఒకే లైన్. కొంచెం పాత ఇండ్లు, లిఫ్ట్ నెమ్మది. అంతే.

ఉగాదికి తెలుగు సంఘం వారి వేడుకకు రండి. పిల్లలకు తెలుగు తరగతులు కూడా నడుపుతారు. ఖర్చుల పుస్తకంలో దానికి గీత అక్కర్లేదు.

కొండాపూర్_వాసి:

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీ మెసేజ్ మా ఆవిడకి చదివి వినిపించాను. "లక్షా ఎనభై అయిదు" దగ్గర ఆపి రెండోసారి చదవమంది. చదివాక, ఇరవై ఆరు వేల కోసం నేను ఉద్యోగం మానేసి సముద్రం దాటాలా అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

హెచ్ఆర్‌తో మాట్లాడాను. జీతం పెంచడానికి బడ్జెట్ లేదన్నారు. స్కూల్ ఫీజు అలవెన్స్ అడిగితే "చూస్తాం" అన్నారు. ఆఫర్ వదులుకోవాలని లేదు, రోల్ మంచిది, ఇక్కడ మూడేళ్లుగా ఒకే ప్రాజెక్టులో మగ్గుతున్నాను. ఏదైనా మధ్యేమార్గం ఉందా? ఇంకొకటి, మా అమ్మానాన్న వచ్చి వెళ్లడానికి ఎంతవుతుంది?

బెజవాడ_పద్దు:

మీ ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. నేనూ అడిగాను, కాకపోతే ఇక్కడికి వచ్చాక.

మధ్యేమార్గం ఉంది, మా చుట్టుపక్కల చాలామంది చేసినదే. ఆగస్టులో మీరొక్కరే రండి. సీబీఎస్‌ఈ వాళ్లకి కొత్త సంవత్సరం ఏప్రిల్‌లో కదా. పాపని ఆగస్టులో మధ్యలో లాక్కొచ్చి ఇక్కడ రిజిస్ట్రేషన్ కట్టి, మళ్లీ ఏప్రిల్‌లో కొత్త తరగతికి కట్టడం దేనికి? ఒకటో తరగతి అక్కడే పూర్తి చేయనివ్వండి. మీ ఆవిడ ఉద్యోగం మార్చి దాకా నడుస్తుంది. మీరు సోలో తమ్ముడిలాగా రూమ్‌లో ఉండండి. కెరించి, పంతాయ్ దాలం వైపు మాస్టర్ రూమ్ 800, 900 ఉంటుంది, ఆఫీసుకి నడిచి వెళ్లొచ్చు. మీ ఖర్చు 3,000 అనుకున్నా, 30 శాతం కోత పోను వచ్చే 7,100లో నెలకు నాలుగు వేలు మిగులుతుంది. ఏప్రిల్ నాటికి ఇంటి డిపాజిట్, స్కూలు అడ్మిషన్, ముగ్గురి టికెట్లు అన్నీ అందులోంచే వెళ్లిపోతాయి. పర్సనల్ లోన్ పెట్టి రావాల్సిన పని ఉండదు. నేను చూసిన కష్టాలన్నీ ఆ లోన్లతో వచ్చినవాళ్లవే.

ఒంటరిగా ఉంటే ఇంటి మీద గాలి మళ్లుతుంది, నిజమే. కానీ మీరు వెళ్లకండి, వాళ్లని రమ్మనండి. ఆ 14 రోజుల లెక్క మీకే, వాళ్లకి కాదు. ఇండియన్లకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు, 2026 డిసెంబర్ 31 దాకా ఆ వెసులుబాటు ఉంది. బయలుదేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపితే చాలు, అది ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్లు నమ్మకండి. దసరా సెలవులకి పాపా, మీ ఆవిడా వచ్చి పది రోజులు ఉండి చూస్తే ఆవిడ ప్రశ్నకి సమాధానం కూడా ఆవిడే చెప్పుకుంటారు. ఆ పది రోజుల్లో మాంట్ కియారా ఒక రోజు, సెంతుల్ ఒక రోజు, వంగ్సా మాజు ఒక రోజు తిప్పండి. పెట్రోనాస్ టవర్లు ఎక్కడికీ పోవు.

అమ్మానాన్నలకి కూడా అదే పద్ధతి. హైదరాబాద్, వైజాగ్ రెండింటి నుంచీ డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నాయి, నాలుగు గంటల ప్రయాణం. మనిషికి రానూపోనూ వెయ్యి చుట్టూ పెట్టుకోండి, సెలవుల్లో పదిహేను వందలు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు మనిషికి 55, ముగ్గురు నలుగురుంటే గ్రాబ్ లాభం. వాళ్లకి ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం ఫ్లైట్ ఎక్కించొద్దు. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులు కవరయ్యే పాలసీ చూసి తీసుకోండి, మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా సరిపడా తెచ్చుకోమనండి.

హెచ్ఆర్ 'చూస్తాం' అంటే ఫోన్‌లో వదిలేయకండి, మెయిల్ పెట్టండి. జీతం పెంచలేనివాళ్లు కూడా వేరే పద్దులో ఇవ్వగలరు. ఈ వరసలో అడగండి: ఏప్రిల్ నుంచి స్కూలు ఫీజులో సగం, కుటుంబానికి మెడికల్ కార్డు, ఏడాదికోసారి ముగ్గురికి టికెట్లు, మొదటి రెండేళ్ల ట్యాక్స్ ఫైలింగ్ కంపెనీ ఏజెంట్ చేత. చివరిది వాళ్లకి చవక, మీకు పదిహేను వేల రింగిట్ల విలువ. మీ ఉద్యోగ పాస్ (వర్క్ వీసా) ఏ కేటగిరీలో వేస్తున్నారో, దానికి కుటుంబాన్ని తెచ్చుకునే వీలుందో లేదో కూడా రాతలోనే తీసుకోండి, జీతం హద్దులు మారుస్తూ ఉంటారు. స్కూల్ ఫీజు సగం ఒప్పుకుంటే మిగిలేది నెలకు 2,250, అంటే నలభై అయిదు వేలు. సరిగ్గా మీ ఆవిడ ఇప్పటి జీతమంత. అప్పుడు ఆవిడ ముందు పెట్టడానికి మీ దగ్గర ఒక అంకె ఉంటుంది.

ఒప్పుకోకపోతే మీరొక్కరే మార్చి దాకా ఉండి, ఆ రోల్‌తో ఇంకో కంపెనీ వెతుక్కోవడం నయం. ఉద్యోగం మానేటప్పుడు ట్యాక్స్ క్లియరెన్స్ వచ్చేదాకా ఆఖరి జీతం ఆపుతారు, అది మనసులో పెట్టుకుని ఒక నెల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

సైబర్‌జయ_సోలో:

బ్రో, ఆగస్టులో మా ఫ్లాట్‌లో ఒక రూమ్ ఖాళీ అవుతోంది. 550, చిన్నదే, కిటికీ ఉంది. బంగ్సార్ సౌత్‌కి రోజూ గంటకు పైనే పడుతుంది కాబట్టి బలవంతం లేదు. వంట వచ్చా మీకు?

కొండాపూర్_వాసి:

పప్పుచారు, కోడిగుడ్డు కూర, టమాటా పచ్చడి. మెయిల్ ఇప్పుడే పంపాను అక్కా, మీరు చెప్పిన వరసలోనే. సోమవారం రిప్లై వస్తే ఇక్కడ పెడతాను.